తడి చెత్త అంటే తడిసిన చెత్త కాదు

సూరత్: ప్లేగు భయంతో 1994 సెప్టెంబరులో లక్షల మంది విడిచి వెళ్లిన నగరమిది. మరుసటి ఏడాది మే నెలలో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను రోజూ ఉదయం వీధుల్లోకి పంపారు. రాత్రివేళ రోడ్లు ఊడ్పించారు, చెత్త పారవేసిన వారి నుంచి రుసుము వసూలు చేయించారు. రెండేళ్లు తిరగకముందే సూరత్‌కు చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్ర నగరమన్న పేరు దక్కింది. 2024 జనవరిలో వెలువడిన స్వచ్ఛ సర్వేక్షణ్ ఫలితాల్లో ఇండోర్‌తో కలిసి ప్రథమ స్థానంలో నిలిచింది.

అయితే వీధులు ఊడ్వడం వేరు, చెత్తను వేరుచేయడం వేరు. మొదటి పనిని నగరపాలక సంస్థ ప్రజలు నిద్రలో ఉండగానే ముగించగలదు. రెండోది వంటింట్లో జరగకపోతే తర్వాత ఎక్కడా సరిగా జరగదు. సాంబారులో నానిన వార్తాపత్రికను ఏ కాగితపు మిల్లూ కోరుకోదు.

ఇంటి చెత్తను కుళ్లేది, కుళ్లనిది, హానికరమైనది అని మూడుగా విడదీయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఆదేశించాయి. ప్రచారంలోకి వచ్చేసరికి మొదటి రెండూ తెలుగులో ‘తడి’, ‘పొడి’ అయ్యాయి. హిందీలో ‘గీలా’, ‘సూఖా’. గుజరాతీలో ‘భీనో’, ‘సూకో’. ఆ మాటలు ఎంచుకున్నవారిని తప్పుపట్టలేం. ‘జీవవిచ్ఛిన్న వ్యర్థాలు’ అని గోడల మీద రాస్తే చదివేవారు ఉండరు. కానీ చిక్కు కూడా ఆ తేలిక మాటల్లోనే ఉంది.

ఉల్లిపొట్టు, వేరుశనగ తొక్కలు, ఎండుటాకులు చేతికి పొడిగానే తగులుతాయి. అయినా అవి కుళ్లేవి కనుక ‘తడి చెత్త’. ఆకుపచ్చ బుట్టలో వేయాలి. నీరు కారుతున్న పెరుగు డబ్బా తడిగా ఉన్నా ‘పొడి చెత్తే’. దాన్ని కడిగి, ఆరబెట్టి నీలం బుట్టలో వేయాలి. బుట్ట దగ్గర వేసుకోవలసిన ప్రశ్న తడిగా ఉందా అని కాదు, కుళ్లుతుందా అని.

సూరత్‌లో ఈ ప్రశ్నకు మరో మెలిక ఉంది. నేతపని కోసం వలస వచ్చిన తెలుగు కుటుంబాలు లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. చీరలకు లేసులు కుట్టడం, రాళ్లు అతికించడం, దారాలు కత్తిరించడం నగరంలో చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతి పని. మిగిలిన పేలికలను గుడ్డముక్కలే కదా అని కూరగాయల తొక్కలతో కలిపేయడం సహజం. నూలు గుడ్డయితే కొంతకాలానికి మట్టిలో కలిసిపోయేది. ఈ నగరంలో తయారయ్యే చీరల్లో అత్యధికం పాలిస్టర్‌వి. శీతల పానీయాల సీసాకూ పాలిస్టర్ దారానికీ మూలపదార్థం ఒక్కటే. అందువల్ల ఆ పేలికలు ఎరువులో కుళ్లవు, పోగులు పోగులుగా మిగిలిపోతాయి. వాటికి ఇంట్లో విడిగా ఒక సంచి పెట్టుకోవడం మేలు.

మూడో రకానికి ఈ ప్రశ్న చాలదు. వాడిన శానిటరీ ప్యాడ్లు, డైపర్లను కాగితంలో గట్టిగా చుట్టి విడిగా ఇవ్వాలి. బ్యాటరీలు, గడువు తీరిన మాత్రలు, పగిలిన బల్బులు ఏ బుట్టలోనూ కలపకూడదు. గాజుపెంకులను మందపాటి కాగితంలో చుట్టాలి. ఆ చెత్తను ఎవరో ఒకరు చేతులతోనే ఏరుతారు.

పాల ప్యాకెట్ మూలను పూర్తిగా కత్తిరించి పారేస్తే ఆ చిన్న ముక్క తొక్కల్లో కలిసిపోతుంది, మళ్లీ దొరకదు. కొద్దిగా చీల్చి, ముక్క ప్యాకెట్‌కే అంటిపెట్టుకుని ఉండేలా వదిలేస్తే రెండూ కలిసి నీలం బుట్టలోకి వెళ్తాయి.