ముద్దాయి అంటే దోషి కాదు

ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే మన పెద్దలకు కోర్టు తెలుగు కొత్తగా అనిపించదు. వకీలు, వకాలతు, అదాలతు, జామీను, రాజీ, హాజరు... ఇవన్నీ అరబీ నుంచి ఉర్దూ మీదుగా కోర్టు గుమ్మం ఎక్కిన మాటలే. వీటికి తోడు మరో మాట కూడా అలాగే వచ్చింది గానీ, దారిలో తలకిందులైంది. ఉర్దూలో 'ముద్దయీ' అంటే ఫిర్యాదు చేసినవాడు. తెలుగు కోర్టులో 'ముద్దాయి' అంటే ఫిర్యాదు ఎవరి మీద పడిందో వాడు. మాట అర్థం ఎటు తిరిగినా ఒక సంగతి మాత్రం మారలేదు. ముద్దాయి అంటే దోషి కాదు. నేరం రుజువయ్యేదాకా అతడు నిర్దోషే.

ఈ చిన్న సంగతి మరచిపోయి మన కుర్రవాళ్ళు ఎందరో నష్టపోతున్నారు. తెనాలిలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచారు. ఆయన చెల్లెలి కొడుకు రేపల్లెలో వెల్డింగు షాపులో పని చేస్తాడు. టీ బంకు దగ్గర మాటా మాటా పెరిగి చేతులు కలిశాయి. దారి అడ్డగించి కొట్టాడని అవతలి వారు కేసు పెట్టారు. పోలీసులు అరెస్టు చేయలేదు, నోటీసు ఇచ్చి పంపారు. కొన్ని నెలలకు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి.

"ఒప్పేసుకుని జరిమానా కట్టేస్తే ఒక్క పూటలో తేలిపోతుందంటున్నారు భాయ్. వాడికి కువైట్ వీసా వచ్చేలా ఉంది. ప్లీడరు కోసం వేలు ఎక్కడ తెచ్చేది?" అన్నారాయన.

ఆ మాట వినగానే మాకు భయం వేసింది. ఒక్క పూటలో తేలిపోయేది కేసు మాత్రమే. దాని మచ్చ తేలిపోదు. నేరం ఒప్పుకోవడమంటే శిక్ష పడిందని రికార్డులోకి ఎక్కడమే. అలా ఒప్పుకున్నవాడికి పై కోర్టులో శిక్ష మోతాదు గురించో, దాని చట్టబద్ధత గురించో తప్ప అప్పీలు ఉండదు. రేపు ఉద్యోగానికి దరఖాస్తు పెడితే 'మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా' అన్న గడి దగ్గర కలం ఆగిపోతుంది. దాచిపెడితే అది ఇంకో తప్పవుతుంది.

కేసు ఉంటే పాస్‌పోర్టు రాదా?

క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించే అధికారం పాస్‌పోర్టు చట్టం ఇచ్చింది. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. 1993 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, కేసు నడుస్తున్న కోర్టు నుంచి విదేశానికి వెళ్ళే అనుమతి ఉత్తర్వు తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇస్తారు. కోర్టు గడువు చెప్పకపోతే ఒక సంవత్సరానికి ఇస్తారు. వీసా కోసం తొందరపడి నేరం ఒప్పుకునేవారు ముందు తెలుసుకోవలసింది ఇది.

ప్లీడరు ఫీజు లేకపోతే?

పేదవాడికి ఉచితంగా న్యాయ సహాయం అందాలని 1976లో రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేర్చారు. న్యాయ సేవల చట్టం 1987లో వచ్చి, 1995 నవంబరు 9 నుంచి అమలయింది. దాని కింద తెనాలి, బాపట్ల, రేపల్లె కోర్టులలో మండల న్యాయ సేవా కమిటీలు పని చేస్తున్నాయి. 2022 ఏప్రిల్‌లో బాపట్ల కొత్త జిల్లా అయి రేపల్లె అందులోకి వెళ్ళింది, తెనాలి గుంటూరులోనే ఉంది. జిల్లా ఏదైనా మనకు కావలసింది కేసు నడిచే కోర్టు. ఆ కోర్టులోని కమిటీకే వెళ్ళాలి.

స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పని లేదు. మిగిలినవారికి మన రాష్ట్రంలో ఏటా 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉండాలి. తెల్ల కాగితం మీద దరఖాస్తు, సమన్ల నకలు, ఆదాయం రుజువు ఇస్తే చాలు. చదువు రానివారు నోటితో చెబితే అక్కడివారే రాసుకుంటారు. కమిటీ ఇచ్చిన ప్లీడరు గారు కక్షిదారు నుంచి డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా అడిగితే కమిటీకే ఫిర్యాదు చేయవచ్చు. ఫోనులో సలహా కావాలంటే దేశమంతటికీ ఒకటే నంబరు, 15100.

స్టేషనుకు తీసుకుపోతే

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. ఇంటివారికి కబురు అందాలి. 24 గంటల లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ప్రశ్నించే సమయంలో, మొదటినుంచి చివరిదాకా కాకపోయినా, వకీలును కలిసే హక్కు ఉంది. చిన్న కేసులు చాలావరకు జామీను ఇవ్వదగినవే. అలాంటి కేసులో జామీను దయ కాదు, హక్కు. జామీనుదారు దొరకని పేదవాడిని సొంత పూచీకత్తు మీద వదలాలి. అరెస్టయి వారం దాటినా పూచీ చూపలేకపోతే అతడు పేదవాడేనని కోర్టు భావించాలని చట్టమే చెబుతోంది. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీకి కింది కోర్టు 10 వేల రూపాయల పూచీ అడిగింది. అతని అన్నదమ్ముడు వేరే జిల్లావాడని పూచీకి ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు ఆ పద్ధతిని తప్పు పట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీ మీద వదలమంది.

రాజీ దారి

చిన్న దెబ్బలు, దారి అడ్డగించడం వంటి కేసులలో దెబ్బ తిన్నవారు ఒప్పుకుంటే రాజీ పడవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలయిన కొత్త చట్టాలలోనూ ఇది అలాగే ఉంది. రాజీ అయితే ముద్దాయిని నిర్దోషిగా వదిలినట్టే లెక్క. జరిమానా కట్టి బయటపడటానికీ, రాజీతో బయటపడటానికీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది. ఒకదానిలో దోషి, ఇంకోదానిలో నిర్దోషి.

అన్ని కేసులకూ ఈ దారి లేదు. సూర్యలంక రోడ్డు మీద బండి అడ్డదిడ్డంగా నడిపాడని కేసయితే అది రాజీకి లొంగదు. అక్కడ సాక్ష్యం ఎంత గట్టిదో ప్లీడరు గారే చూడాలి. నేరం రుజువైనా అది మొదటి తప్పయితే 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి వదలమని కోరవచ్చు. ఆ చట్టం కింద వదిలినవారికి శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదు.

పెద్దాయన మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని రేపల్లె కోర్టుకు వెళ్ళారు. కమిటీ ప్లీడరును ఇచ్చింది. ఆ కుర్రవాడు రెండు వాయిదాలకూ తప్పకుండా హాజరయ్యాడు. వాయిదా ఎగ్గొడితే వారెంటు వస్తుందని మేము మరీ మరీ చెప్పాము. దెబ్బ తిన్న కుర్రవాడి తండ్రి ముందు మెట్టు దిగలేదు. మామూ స్వయంగా వారింటికి వెళ్ళి, "తప్పు మావాడిదే" అని చెప్పాక మనసు మెత్తబడింది. కోర్టులో రాజీ నమోదయింది.

మన మసీదు కమిటీలకు ఒక విన్నపం. నమాజు వేళల పలక పక్కనే 15100 నంబరు రాసి పెట్టండి. దరఖాస్తు రాసి పెట్టగల చదువుకున్న కుర్రవాణ్ణి ఒకరిని చూసి పెట్టండి. సమన్లు చేతికి వచ్చిన రోజున మనవాడు ముందు అడగవలసింది జరిమానా ఎంత అని కాదు, కమిటీ గది ఎక్కడ అని.