మనకు రెండు చెవులేల?

కన్నులు మూసికొని కూర్చున్న మిత్రుని కొకప్రక్కగా నిలిచి చప్పట్లు కొట్టుఁడు. అతఁడు తడుముకొనక యా దిక్కునకే వ్రేలు చూపును. ఇది యెట్లు సాధ్యము?

ధ్వని గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. కుడిప్రక్క పుట్టిన ధ్వని కుడిచెవిని ముందును, ఎడమచెవిని పిదపను జేరును. ఈ కాలభేదము సెకనులో వేయవవంతునకు లోఁబడియే యుండును. మఱియు కీచుధ్వనులకు తల యడ్డుపడుటచే నవ్వలి చెవికి చప్పుడు మందముగ వినఁబడును. మంద్రధ్వనులకు కాలభేదమును, కీచుధ్వనులకు బలభేదమును ముఖ్యాధారములని ఆంగ్ల శాస్త్రజ్ఞుఁడగు లార్డు రేలీ 1907వ సంవత్సరమున వివరించెను. మెదడు క్రిందిభాగమునందలి నాడీకణములు రెండు చెవుల వార్తలను పోల్చి దిక్కును నిర్ణయించును.

సరిగా ఎదుటినుండి గాని వెనుకనుండి గాని వచ్చు ధ్వని రెండు చెవులను ఒక్కమాఱే చేరును. అప్పుడు చెవిదొప్పల మడతలును, తల త్రిప్పుటయు మనకు తోడ్పడును.

ఇఁక మిత్రుని యొక చెవిని గట్టిగా మూయించి పరీక్షను మరలఁ జేయుఁడు. అతఁడు పలుమాఱు పొరపడును. ఒక చెవి వినఁబడని బాలుని యవస్థ యిట్టిదే. పిలిచినపుడు వేఱు దిక్కునకుఁ జూచువానిని అశ్రద్ధపరుఁడని నిందింపరాదు. తరగతిలో వాని మంచిచెవి ఉపాధ్యాయుని వైపున నుండునట్లు కూర్చుండఁబెట్టవలెను. మోటారుకూఁత యెటునుండి వచ్చినదో వానికిఁ దోఁపకపోవచ్చును. కావున బాట దాటునపుడు వానికిఁ దోడుండుఁడు.