తేలిక కాంక్రీటు కప్పులు - వాని వార్ధక్యము

చెన్నపట్టణపు ఉత్తరభాగముననున్న వ్యాసర్పాడి తెలుగువారికి క్రొత్త చోటు కాదు. ప్రభుత్వము కట్టించిన మేడయిండ్లలో నివసించు కుటుంబములకు, కప్పు ఎంతకాలము నిలుచునను ప్రశ్న పండితచర్చ మాత్రమే కాదు. 2021 డిసెంబరు 27వ తేదీన, అదే ఉత్తరభాగమునందలి తిరువొత్తియూరులో 24 ఇండ్లు గల ప్రభుత్వ గృహభాగమొకటి నేలకూలెను. పగుళ్లను ముందుగా కనిపెట్టి జనులు వెలుపలికి వచ్చుటచే ప్రాణహాని తప్పినది. పగుళ్లే వారిని కాపాడినవనవలెను. అట్లు హెచ్చరింపని కప్పులును లోకమున గలవు.

1920వ దశకమున స్వీడనులో యాక్సెల్ ఎరిక్‌సన్ అను వాస్తుశిల్పి యొక తేలిక కాంక్రీటును రూపొందించెను. సున్నము, సిమెంటు, మెత్తని ఇసుక కలిపిన ముద్దలో అల్యూమినియము పొడి వేసినచో హైడ్రోజను పుట్టి, పులిసిన పిండివలె ముద్ద పొంగును. పిదప దానిని అధికపీడనముగల ఆవిరిలో ఉడికింతురు. ఇందు కంకర యుండదు. సాధారణ కాంక్రీటు ఘనమీటరునకు సుమారు 2400 కిలోలు తూగగా, ఇది 400 మొదలు 800 కిలోలే తూగును. ఇనుపకమ్ములు పొదిగిన ఇట్టి పలకలను బ్రిటనులో 1950 తరువాత పెక్కు పాఠశాలలకు కప్పులుగా వేసిరి. మనదేశమునందును వీనికి 1971లో ఐ.ఎస్. 6073 అను ప్రమాణమేర్పడినది.

సాధారణ కాంక్రీటు కమ్మిని గట్టిగా పట్టుకొనును. తన క్షారగుణముచే త్రుప్పును ఆపును. బుడగల కాంక్రీటు ఈ రెంటిని సరిగా చేయజాలదు. అందుచే కమ్మికి పూత పూసి, అడ్డకమ్ములతో బిగింతురు. పలకను కోసినపుడు కొననున్న అడ్డకమ్మి పోయినను, గోడపై ఆనిక చాలకున్నను, పలక హఠాత్తుగా తెగిపడవచ్చును. నీరింకిన కొలది బరువు హెచ్చి బలము తగ్గును.

అసలు చిక్కు వేరొకటి. మామూలు కప్పులో త్రుప్పు ఉబ్బి పెచ్చులూడును. ఇల్లాలు చూచి భయపడును. ఆ భయము మేలే! బుడగల కాంక్రీటులో త్రుప్పునకు సందులలోనే చోటు దొరకును గనుక అడుగుభాగము నున్నగనే యుండవచ్చును. 2018 జూలైలో ఇంగ్లండునందలి కెంటు మండలమున నొక ప్రాథమిక పాఠశాల కప్పు స్వల్పసూచనతోనే కూలెను. సెలవుదినమగుటచే పిల్లలు లేరు. 2023 ఆగస్టు 31న అచ్చటి ప్రభుత్వము నూటికి పైగా విద్యాలయములలో ఇట్టి కప్పుగల భాగములను మూయుమని యాదేశించెను.

నేడు గోడలకు వాడు తేలిక ఇటుకలు ఇదే జాతివైనను, వానిలో కమ్మి లేదు గనుక ఈ భయము వానికి వర్తింపదు. సముద్రము చేరువనున్న చోట మామూలు కాంక్రీటునకు ఉప్పుగాలియు, మిద్దెపై నిలిచిన వాననీరును ప్రధానశత్రువులు. ఐప్పసి, కార్తిక మాసముల వానలకు ముందే మిద్దెతూములు శుభ్రపరచి, పెచ్చులూడిన చోట సున్నము పూసి కప్పిపుచ్చక, ఇంజనీరుచే కమ్మిని పరీక్షింపజేయవలెను.