కొబ్బరిచెట్లకు పైన వైఫై

భీమవరం చుట్టుపక్కల డెల్టాలో ఎటు చూసినా వరిచేలు, చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరిచెట్లు. చూపుకు అడ్డంపడే కొండ ఒక్కటీ లేదు. రేడియో తరంగానికి ఇంతకన్నా అనువైన నేల ఉండదనిపిస్తుంది. కానీ 2000ల మధ్యలో బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరుతో పశ్చిమ గోదావరి పల్లెలను వైఫైతో కలపబూనినప్పుడు ఆ చదునే పెద్ద చిక్కు. యాంటెన్నా పెట్టడానికి మెరక లేదు కాబట్టి ఎత్తునంతా ఇనుముతోనే కట్టుకోవాలి.

ఎంత ఎత్తో లెక్కవేసి చూద్దాం. రెండు ఊళ్ల మధ్య పది కిలోమీటర్లు అనుకోండి. తరంగం సన్నటి గీతలా సాగదు, దారి నడుమ ఉబ్బుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ ఉబ్బు వ్యాసార్ధం దాదాపు 18 మీటర్లు. అందులో 60 శాతమైనా, అంటే సుమారు 11 మీటర్లు, అడ్డు లేకుండా ఉండాలి. భూమి గుండ్రంగా ఉన్నందుకు మరో మీటరున్నర. కింద 15 మీటర్ల కొబ్బరితోట. వెరసి 27 మీటర్లకు పైమాటే. ఆ టవరు ఖర్చు ముందు రేడియో కార్డు ధర లెక్కలోకే రాదు.

అసలు వైఫై పుట్టింది గదుల కోసం. 1997లో వచ్చిన ఆ ప్రమాణాన్ని ఐఐటీ కాన్పూర్‌లో భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు బృందం ‘డిజిటల్ గంగెటిక్ ప్లెయిన్స్’ ప్రాజెక్టులో డిష్ యాంటెన్నాలతో పదుల కిలోమీటర్లకు సాగదీసింది. అక్కడ కొత్త ఇబ్బంది ఎదురైంది. ఎవరూ మాట్లాడటం లేదని విన్నాకే మాట్లాడటం వైఫై పద్ధతి. ఒకే టవరు మీద నాలుగు దిక్కులకు నాలుగు యాంటెన్నాలుంటే ఒకటి పంపేటప్పుడు మిగతావి నోరు మూసుకుంటాయి.

2005లో వాళ్లు ప్రతిపాదించిన ‘టూపీ’ అనే పద్ధతి ఈ మర్యాదను పక్కన పెట్టింది. టవరు మీది యాంటెన్నాలన్నీ ఒకేసారి పంపాలి, ఒకేసారి వినాలి. ఎంత తేలికైన ఆలోచన! అయితే ఒక టవరు పంపే వేళ దానితో కలిసిన ప్రతి టవరూ వింటూ ఉండాలి. మూడు ఊళ్లను త్రిభుజంలా కలిపితే ఇది కుదరదు. కొమ్మలుగా చీలుతూ పోయే చెట్టు ఆకారానికి ఎప్పుడూ కుదురుతుంది.

మరి ఏ చెట్టు? పది ఊళ్లను కలపడానికే పది కోట్ల రకాల చెట్లున్నాయి. ఒక్కోదానికీ టవర్ల ఎత్తులు వేరు. ఒక చివర ఎత్తు పెంచితే రెండో చివర కొంత తగ్గించుకోవచ్చు. ఆ పొడుగు టవరే పక్క ఊళ్లకూ పనికొస్తే ఇంకా మేలు. సయన్‌దీప్ సేన్, రామన్ 2007లో ఈ చిక్కుముడిని నాలుగు పాయలుగా విడదీశారు: ఎవరిని ఎవరితో కలపాలి, టవర్లు ఎంత ఎత్తు, ఏ యాంటెన్నా, ఎంత పవరు. డబ్బంతా మొదటి రెండింటిలోనే ఉంది. నా దృష్టిలో ఈ కథలో గొప్ప మలుపు ఇదే. సిగ్నల్ వేగం గురించి కాక, పల్లె భరించగలిగే ఇనుము గురించి గణితం ఆలోచించింది.

అదే ఏడాది బర్క్‌లీ పరిశోధకులు ‘టూపీ’ ఆలోచనను ముందుకు తీసుకెళ్లి ‘వైల్డ్‌నెట్’ తయారుచేశారు. తమిళనాడు తేనిలోని అరవింద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు దానితో నడిచే వైఫై లింకుల మీదే పల్లె కేంద్రాలకు వచ్చిన రోగులతో వీడియోలో మాట్లాడేవారు.