వెళ్ళిపోయే ముందు చూసిన పిట్టలు
(కోరంగి మడ అడవి – కాకినాడ తీరం)

ఈ ఏడాది మార్చి మొదటి ఆదివారం మా తొమ్మిదో తరగతి వాళ్ళం సైన్స్ సార్‌తో కలిసి కోరంగి మడ అడవికి, అక్కడి నుంచి కాకినాడ సముద్రపు ఒడ్డుకి పిట్టలను చూడ్డానికి వెళ్ళాం. "పిట్టల కోసం అంత దూరం ఎందుకురా, మన కొండ మీద లేవా?" అని ఎనిమిదో తరగతి వాళ్ళు నవ్వారు. వాళ్ళకి జవాబుగా ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో మేం చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాన్ని దాచకుండా రాయమని సార్ చెప్పారు.

మన ఏటి నీళ్ళు చేరే చోటు

కోరంగి మనకి పరాయి ఊరు కాదు. మన ఏజెన్సీ కొండల్లో పడిన వాన సీలేరులో కలుస్తుంది. సీలేరు శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలి సముద్రంలోకి పోతుంది. పోతూ పోతూ తనతో తెచ్చిన ఒండ్రునంతా అక్కడ దించేస్తుంది. అంటే కోరంగి బురదలో మన కొండ మట్టి కూడా ఉందన్నమాట!

ఆ ఉప్పు బురదలో మామూలు చెట్టు బతకదు. మడ చెట్టు బతుకుతుంది. బురదలో గాలి ఆడదు కాబట్టి దాని వేళ్ళు కిందికి కాక పైకి, పెన్సిళ్ళు గుచ్చినట్టు లేచి గాలి పీల్చుకుంటాయి. రాలిన ఆకులు కుళ్ళితే వాటిని పురుగులు తింటాయి. పురుగులను రొయ్యపిల్లలు, చేపపిల్లలు, పీతలు తింటాయి. వాటి కోసం పిట్టలు వస్తాయి. ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. చెక్కలతో కట్టిన నడకదారి మీద మేం వరసగా నడిచాం. లకుముకి పిట్ట, నీటికాకి, తెల్లకొంగలు, గరుడ పక్షి కనిపించాయి. ఇవి ఏడాది పొడుగునా అక్కడే ఉండేవి. మేం చూడాలని వెళ్ళిన చుట్టాలు మాత్రం తీరం దగ్గర ఉన్నాయి.

పిట్టలకి మెస్ బెల్లు

కాకినాడలో కుంభాభిషేకం దగ్గరి తీరానికి వచ్చేసరికి నీళ్ళు వెనక్కి పోతున్నాయి. సముద్రం రోజుకి రెండుసార్లు పోటు మీద ఉంటుంది, రెండుసార్లు దిగిపోతుంది. పోటుకీ ఆటుకీ మధ్య సుమారు ఆరు గంటలు. చంద్రుడు భూమి చుట్టూ తిరగడం వల్ల ఈ వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. నీళ్ళు దిగినప్పుడు బురద మేట బయటపడుతుంది. అదే పిట్టలకి మెస్ బెల్లు! అప్పుడు తినాలి. మళ్ళీ పోటు వస్తే ప్లేటు ఎత్తేసినట్టే. అందుకే ఉల్లంకి పిట్టలు పగలూ రాత్రీ చూడవు, బురద బయటపడితే చాలు తింటాయి.

దూరం నుంచి చూస్తే అన్నీ ఒకేలాంటి బూడిదరంగు పిట్టలు. సార్ బైనాక్యులర్ వంతులవారీగా ఇచ్చారు. అప్పుడు తెలిసింది, ఏ పిట్ట ముక్కు దానిదే.

1. పెద్ద ఉల్లంకి: ముక్కు కొడవలిలా కిందికి వంగి, జానెడుకి కాస్త తక్కువ ఉంటుంది. లోతు బొరియలో ఉన్న పీతనీ పురుగునీ లాగుతుంది.
2. ఎర్రకాళ్ళ ఉల్లంకి: ముక్కు మధ్యరకం. ముందుగా మనల్ని చూసి అరిచి అందరినీ లేపేది ఇదే.
3. చిన్న ఇసుక పిట్ట: ముక్కు పొట్టి, కళ్ళు పెద్దవి. పరుగెత్తి, ఆగి, చూసి, పైన కనబడినదాన్ని పొడుచుకుంటుంది.

ఉల్లంకుల ముక్కు కొసలో స్పర్శ ఎక్కువ. బురద లోపల కంటికి కనబడని పురుగుని అవి తడిమి పట్టుకుంటాయి. ఒకటి పైన, ఒకటి మధ్యలో, ఒకటి లోతున తింటాయి కాబట్టి అంత గుంపులోనూ కొట్లాట తక్కువ. మన మెస్ లైను గుర్తొచ్చి మేమే సిగ్గుపడ్డాం.

సముద్రపు కాకులు కూడా చాలా ఉన్నాయి. చలికాలంలో వీటి తల తెల్లగా ఉండి కంటి వెనక ఒక మచ్చ మాత్రం ఉంటుంది. మేం చూసినప్పుడు కొన్నిటి తల అప్పటికే ముదురు గోధుమరంగుకి తిరిగింది. అది ప్రయాణం దగ్గర పడిందనడానికి గుర్తు. ఇవి టిబెట్ వైపు ఎత్తయిన చెరువుల దగ్గర గుడ్లు పెడతాయి. పై ముక్కు కన్నా కింది ముక్కు పొడుగ్గా ఉండి, నీళ్ళను కోసుకుంటూ ఎగిరే నారింజ ముక్కు పిట్ట కూడా చలికాలంలో కాకినాడకి వస్తుంది. ప్రపంచంలోనే తక్కువ మిగిలిన పిట్ట అది. మాకు ఒక్కటీ కనబడలేదు. ఉత్తరాది నదుల ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టడానికి అప్పటికే వెళ్ళిపోయి ఉంటుందని సార్ అన్నారు.

మేం చేసిన తప్పు

వందల పిట్టలు ఒక్కసారి లేస్తే ఎలా ఉంటుందో చూద్దామని మేం ముగ్గురం చప్పట్లు కొడుతూ బురద అంచు దాకా పరుగెత్తాం. గుంపంతా లేచింది. ఒకసారి తెల్లగా, తిరగ్గానే నల్లగా మెరిసింది. మేం కేకలు వేశాం. మాతో వచ్చిన ఫారెస్టు గార్డు గారు తిట్టలేదు. దగ్గరికి పిలిచి ఇలా అన్నారు: "మీరు సరదాకి ఒక్కసారి లేపారు బాబూ. మీ తరవాత కుక్క లేపుతుంది. ఆ తరవాత ఇంకెవరో లేపుతారు. లేచిన ప్రతిసారీ తిన్నది కరిగిపోతుంది. నెలలో బయలుదేరాల్సిన పిట్టలివి."

అన్నం ముందు కూర్చున్నవాడిని నాలుగుసార్లు లేపి తరిమితే ఎలా ఉంటుంది? నాకు అప్పుడు అర్థమైంది. నా సంచిలో పంగలకర్ర కూడా ఉంది. దాన్ని బయటికి తియ్యలేదు. ఆ మాట సార్‌కి ఆ రోజు చెప్పలేదు, ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

ఎందుకు వెళ్తాయి? ఎలా వెళ్తాయి?

ఉల్లంకుల్లో చాలా జాతులు సైబీరియా, మధ్య ఆసియా వైపు గుడ్లు పెడతాయి. ఉత్తరాన ఎండాకాలంలో పగలు చాలా పెద్దది. ధ్రువం దగ్గర కొన్ని వారాలు సూర్యుడు అస్తమించడు. దోమలు, పురుగులు కోట్లలో పుడతాయి. పిల్లలకి మేతకి కొదవ ఉండదు. కానీ చలికాలం వస్తే నేలంతా గడ్డ కడుతుంది, ముక్కు దిగదు. అందుకని మన దగ్గరికి వస్తాయి.

తిరుగు ప్రయాణానికి ముందు ఇవి తిని తిని కొవ్వు పెంచుకుంటాయి. కొన్ని జాతులు బరువు దాదాపు రెట్టింపు చేసుకుంటాయి. దూరం పోయే కొన్నిటికి బయలుదేరే ముందు కడుపు, పేగులు చిన్నవవుతాయి. దారిలో తినేది లేదు కాబట్టి ఆ బరువు ఎందుకని! సూర్యుడు, నక్షత్రాలు, భూమి అయస్కాంత శక్తి వీటికి దారి చూపిస్తాయి. 2022లో తోకపట్టీల ఉల్లంకి ఒకటి, పుట్టి అయిదు నెలలే అయిన పిల్ల, అమెరికాలోని అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకి 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా ఆగకుండా ఎగిరింది. దాని వీపు మీద కట్టిన పరికరం వల్ల ఈ సంగతి తెలిసింది. అది మన తీరం దారి కాదు గానీ, ఆ జాతి పిట్టలు మన దేశపు తీరాలకీ వస్తాయి.

మన హాస్టల్ దగ్గర ఏం చెయ్యొచ్చు?

చుట్టాలు సముద్రానికే రారు. మన వాగులో రాళ్ళ మీద తోక పైకీ కిందికీ ఆడించే, పసుపు పొట్ట ఉన్న కాటుక పిట్టను మీరంతా చూశారు. అదీ చలికాలపు చుట్టమే. హిమాలయాల నుంచి, ఇంకా అవతల నుంచి వస్తుంది. ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతుంది. మనం స్నానానికి పోయినప్పుడు రాయి విసిరేది దాని మీదే.

మన పెద్దలకి వేట తెలుసు. కానీ మా తాత గూడు కట్టే పిట్టనీ, పిల్లలున్న దాన్నీ ముట్టడు. "రేపటికి ఉండాలి గదరా" అంటాడు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం అడవి పిట్టల వేటని నిషేధించింది. చట్టం లేకపోయినా తాత మాట చాలదా?

ఇక నుంచి మేం ముగ్గురం వాగు దగ్గర ఒక నోటుబుక్కు పెడుతున్నాం. కాటుక పిట్ట చివరిసారి కనబడిన రోజు, వానాకాలం పోయాక మళ్ళీ కనబడిన మొదటి రోజు అందులో రాస్తాం. ఎవరికి కనబడినా వచ్చి చెప్పండి. వార్డెన్ గారిని ఒక్కటే కోరుతున్నాం. ఆదివారం ఉదయం మమ్మల్ని ఒక గంట వాగు దాకా వెళ్ళనివ్వండి. నా పంగలకర్ర మీ టేబుల్ మీద పెట్టేశాను.

– 9వ తరగతి విద్యార్థి