పినటూబో కింద ఏం జరిగింది?

హవాయిలో కిలవేయా లావా కక్కుతోందంటే జనం కెమెరాలు పట్టుకుని చూడ్డానికి బయల్దేరతారు. పార్కు వాళ్లు గీసిన హద్దు దాటకపోతే చాలావరకు భయం లేదు, లావా ఎక్కువసార్లు మనిషి నడక కన్నా నిదానంగానే పాకుతుంది. ఫిలిప్పీన్స్‌లోని పినటూబో 1991 జూన్ 15న పేలినప్పుడు మాత్రం బూడిద 35 కిలోమీటర్ల ఎత్తుకు ఎగసింది. శిఖరం దాదాపు 260 మీటర్లు తగ్గిపోయింది. కొండ నెత్తిన రెండున్నర కిలోమీటర్ల వెడల్పున గొయ్యి మిగిలింది. అక్కడా ఇక్కడా లోపలినుంచి వచ్చింది కరిగిన రాయే. మరి ఇంత తేడా ఎందుకో తెలియాలంటే, ఆ కరిగిన రాయి పైకి రాకముందు కింద ఎన్నాళ్లు ఆగింది, ఆగిన చోట దానికి ఏమైంది అన్నది చూడాలి.

ముందు ఒక అపోహ తీర్చుకోవాలి. బడి పుస్తకాల్లో భూమిని కోసి చూపించే బొమ్మలో పైపొర కింద అంతా ఎర్రరంగు పూస్తారు. అది చూసి మన కాళ్ల కింద నిప్పుల సముద్రం ఉందనుకుంటాం. నిజానికి పైపొర కిందున్న మాంటిల్ దాదాపు మొత్తం గట్టి రాయే. వెయ్యి డిగ్రీలు దాటిన వేడి ఉన్నా, మీదున్న బరువు దాన్ని కరగనివ్వదు. అది కరగాలంటే ఆ బరువు తగ్గాలి, లేదా నీళ్లు చేరాలి. హవాయి కింద వేడి రాయి మెల్లగా పైకి తేలుతుంది, ఒత్తిడి తగ్గి కొంత భాగం కరుగుతుంది. పినటూబో ఉన్న లుజాన్ దీవి కిందికి పడమటినుంచి దక్షిణ చైనా సముద్రపు అడుగు దూరిపోతోంది. దాంతోపాటు కిందికి పోయే నీరు అక్కడి రాయి కరిగే వేడిని తగ్గిస్తుంది. దారులు వేరైనా రెండుచోట్లా మొదట పుట్టే కరిగిన రాయి, అంటే మాగ్మా, ఇంచుమించు ఒకటే: బసాల్ట్ మాగ్మా. వేడి 1,100 నుంచి 1,200 డిగ్రీలు, ఇసుకలో ఉండే సిలికా నూటికి 50 పాళ్లు.

బసాల్ట్ పలచన. ఎంత పలచనో తెలియడానికి మనం హవాయి దాకా వెళ్లక్కర్లేదు. రాజమండ్రి పక్కన కాతేరులో, గోదావరి అవతల పంగిడి, దుద్దుకూరు వైపు కనిపించే నల్లరాయి అంతా సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి బసాల్టే. ఆ లావా పడమటి కనుమల వైపు పుట్టి, అప్పటి నదీలోయలు పట్టుకుని వెయ్యి కిలోమీటర్ల దాకా పారి ఇక్కడికి చేరిందని కొందరు భూగర్భ శాస్త్రవేత్తల వాదన. రెండుచోట్ల రాళ్ల రసాయనాలు పోల్చి చూసి వాళ్లు ఆ మాట చెప్పారు.

ఆ బసాల్ట్ నేరుగా పైకి రాకుండా దారిలో ఆగిపోతే కథ మారుతుంది. కొన్ని కిలోమీటర్ల లోతున, చుట్టూ తనకన్నా చల్లని రాతి మధ్య అది మెల్లగా వేడి కోల్పోతుంది. నీరు గడ్డకట్టినట్టు ఒక్కసారిగా గట్టిపడదు. ఒక్కో వేడి దగ్గర ఒక్కో ఖనిజం స్ఫటికాలుగా విడిపోతుంది. వాషింగ్టన్‌లోని జియోఫిజికల్ లేబొరేటరీలో నార్మన్ బోవెన్ దీన్నే చిన్న ఎత్తున చేసి చూశాడు. రాతి పొడుల్ని కరిగించి, ఒక వేడి దగ్గర ఉంచి, ఠక్కున చల్లార్చి, ఏ దశలో ఏ స్ఫటికం పుట్టిందో సూక్ష్మదర్శిని కింద చూసేవాడు. 1928లో వచ్చిన ఆయన పుస్తకం ఇప్పటికీ ఈ శాస్త్రానికి పునాది.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. మొదట విడిపోయే ఆకుపచ్చ ఖనిజం ఆలివిన్‌లో సిలికా నూటికి 40 పాళ్లే. నూరు టన్నుల బసాల్ట్‌లో సిలికా 50 టన్నులు. అందులోంచి 20 టన్నుల ఆలివిన్ గట్టిపడి అడుగుకు చేరితే తనతో 8 టన్నుల సిలికా తీసుకుపోతుంది. మిగిలిన 80 టన్నుల ద్రవంలో 42 టన్నులుంటుంది, అంటే నూటికి 52.5. తర్వాత మాగ్నటైట్ లాంటి ఇనుప ఖనిజాలు విడిపోతాయి. వాటిలో సిలికాయే ఉండదు కాబట్టి ద్రవంలో దాని పాలు ఇంకా వేగంగా పెరుగుతుంది. చుట్టూ ఉన్న రాయి కూడా కొంత కరిగి కలుస్తుంది. ఇలా 60 పాళ్ల దగ్గర ఆండిసైట్, 65 దగ్గర డేసైట్, 70 దాటితే రయోలైట్. సిలికా పెరిగేకొద్దీ ద్రవం చిక్కబడుతుంది. రయోలైట్ బసాల్ట్ కన్నా లక్షల రెట్లు చిక్కన.

నీళ్ల లెక్కా ఇంతే. తొలి స్ఫటికాల్లో నీటికి చోటుండదు. నూటికి ఒక పాలు నీరున్న మాగ్మా సగం గట్టిపడితే మిగిలిన సగంలో నీరు రెండు పాళ్లవుతుంది. చల్లారుతున్న మాగ్మా నీరసపడుతోందని అనుకుంటాం గానీ, నాకు ఈ విషయంలో అన్నిటికన్నా వింతగా తోచేది ఇదే: చల్లారేకొద్దీ అది ఇంకా ప్రమాదకరమవుతుంది.

అన్నీ పేలవు. మాగ్మాలో ఎక్కువ భాగం పైకి రాకుండా కిందే గట్టిపడుతుంది. హైదరాబాద్ చుట్టూ పేర్చినట్టు కనిపించే గ్రానైట్ గుండ్లు దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట అలా లోపలే చల్లారినవి. పైనున్న నేల కొట్టుకుపోయాక బయటపడ్డాయి.

మాగ్మా గది అనగానే ద్రవంతో నిండిన పెద్ద గుహ అనుకుంటాం. చాలాచోట్ల అది అలా ఉండదని ఇప్పటి అభిప్రాయం. చల్లారిన సగ్గుబియ్యం పాయసం గుర్తు తెచ్చుకోండి. గింజలు ఒకదాన్నొకటి ఆనుకుని ముద్దకడతాయి, సందుల్లో కొద్దిగా ద్రవం ఉంటుంది, గరిటె దించితే నిలబడుతుంది. అడుగున వేడి పాలు పోస్తే మాత్రం మళ్లీ కదులుతుంది. పినటూబో కింద 1991కి ముందున్నది సుమారు అలాంటి ముద్దే: 780 డిగ్రీల దగ్గరున్న డేసైట్, అందులో సగానికి దగ్గరగా స్ఫటికాలు, ద్రవంలో నూటికి 6 పాళ్ల నీరు. ఆ కొండ పేలి అప్పటికి 500 ఏళ్లయింది. చుట్టుపక్కల ఆయెటా గిరిజనులు ఉండేవారు. దగ్గర్లో అమెరికా వాళ్ల క్లార్క్ వైమానిక స్థావరం ఉండేది.

1991 ఏప్రిల్ 2న కొండమీద ఆవిరి పేలుళ్లు మొదలయ్యాయి. మే 13న కొలిస్తే సల్ఫర్ డయాక్సైడ్ రోజుకు 500 టన్నులు వస్తోంది. మే 28కి అది 5,000 టన్నులు దాటింది. ఆ తర్వాత ఉన్నట్టుండి తగ్గిపోయింది. తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకుంటే పొరపాటే. వాయువు బయటికొచ్చే దారి మూసుకుపోయిందేమోనని, లోపల ఒత్తిడి పెరుగుతోందేమోనని అక్కడి శాస్త్రవేత్తలు భయపడ్డారు. జూన్ 7న బిలంలో లావా గుబ్బ పొడుచుకొచ్చింది.

ఆ గుబ్బలోని రాయి తర్వాత చాలా సంగతి చెప్పింది. అది డేసైట్ కాదు, ఆండిసైట్. అందులో బసాల్ట్‌కు చెందిన ఆలివిన్, డేసైట్‌కు చెందిన క్వార్ట్జ్, రెండూ ఒకే రాతిముక్కలో ఉన్నాయి. మామూలుగా ఈ రెండింటికీ పొసగదు. ఒకే ద్రవంలో ఎక్కువకాలం ఉంటే ఏదో ఒకటి కరిగిపోవాలి. రెండూ మిగిలాయంటే కలిసి ఎన్నో రోజులు కాలేదన్నమాట. అడుగునుంచి కొత్త బసాల్ట్ వచ్చి పాత ముద్దలోకి చొరబడింది. దాన్ని వేడెక్కించింది, తనలోని వాయువుల్ని కూడా అందించింది.

ఆ తర్వాతి పని నీటిది. ఎనిమిది, పది కిలోమీటర్ల లోతున ఒత్తిడికి మాగ్మాలో కరిగి ఉన్న నీరు, పైకొచ్చేకొద్దీ బుడగలుగా విడిపోతుంది. పలచని బసాల్ట్‌లోనైతే బుడగలు తేలి తప్పించుకుంటాయి. చిక్కని డేసైట్‌లో ఇరుక్కుని అక్కడే ఉబ్బుతాయి, చివరికి మాగ్మానే ముక్కలు చేస్తాయి. మనం బూడిద అనేది అలా పగిలిన గాజు రజనే. కొండ పేలిన జూన్ 15నే యున్యా తుపాను కూడా వచ్చిపడింది. వానకు తడిసి బరువెక్కిన బూడిద ఇళ్ల కప్పులు కూల్చేసింది. అన్నీ కలిపి 800 మందికి పైగా పోయారు. ముందే వేలమందిని ఖాళీ చేయించకపోతే ఇంకెందరు పోయేవారో. సుమారు 2 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ పైవాతావరణంలోకి చేరి, ఆ తర్వాత ఏడాదికి పైగా భూమి సగటు వేడిని దాదాపు అర డిగ్రీ తగ్గించింది.

అలాగని సిలికా ఎక్కువుంటే పేలి తీరుతుందనుకోకూడదు. అదే నెలలో జపాన్‌లోని ఉంజెన్ అగ్నిపర్వతం కూడా డేసైటే కక్కుతోంది. అక్కడ మాగ్మా నిదానంగా పైకొచ్చింది, దారిలో వాయువు కారిపోయింది. కాబట్టి పినటూబోలా ఆకాశానికి ఎగయకుండా 1995 దాకా గుబ్బలు గుబ్బలుగా ఉబుకుతూ ఉండిపోయింది. అదేమీ తక్కువ ప్రమాదం కాదు. 1991 జూన్ 3న ఒక గుబ్బ విరిగి, నిప్పుల మేఘమై జారి 43 మందిని చంపింది. ప్రపంచంలోని ఎన్నో అగ్నిపర్వతాల్ని దగ్గరినుంచి చిత్రీకరించిన ఫ్రెంచి దంపతులు మోరిస్, కాటియా క్రాఫ్ట్ వాళ్లలో ఉన్నారు.

పినటూబో భూకంప రికార్డుల్ని తర్వాత మళ్లీ తిరగేసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. మే చివర, జూన్ మొదట్లో, గుబ్బ రాకముందే, 30 కిలోమీటర్లకు అటూ ఇటూ లోతున నిదానంగా ఊగే కంపనాలు వందల్లో నమోదయ్యాయి. బసాల్ట్ పైకి కదిలిన గుర్తులు అవేనని ఇప్పుడు అనుకుంటున్నారు. జపాన్‌లో ఫుజీ కింద కూడా 2000 చివర్లో, 2001 ఏప్రిల్, మే నెలల్లో అలాంటి లోతు కంపనాలు బాగా పెరిగాయి. ఫుజీ పేలలేదు. కిందనుంచి ఏదో కదిలిందని కంపనాలు చెప్పగలవు గానీ, పైనున్న ముద్ద కదిలే స్థితిలో ఉందా, గట్టిపడిపోయిందా అన్నది వాటితో తేలదు.