ఆగడం నేర్చిన కార్లు

పిల్లలూ! తిరునాళ్ళ రోజుల్లో మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో జరిగే బండలాగుడు పోటీలు మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ ఏ జతనంటే ఆ జతను బరిలోకి దించరు. ముందు ఎద్దుల పళ్ళు చూస్తారు. పాలపళ్ళవి ఒక విభాగం, రెండు పళ్ళవి ఒకటి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి వేరే. పళ్ళను బట్టి వయసు తెలుస్తుంది. విభాగాన్ని బట్టి బండ ఉంటుంది. పెట్టిన గడువులో ఎక్కువ దూరం లాగిన జత గెలిచినట్లు. ఈ నియమాలు లేకపోతే అది పోటీ ఎలా అవుతుంది?

కార్ల పందేలకూ ఇటువంటి నియమాలే ఉన్నాయి. ఫార్ములా వన్ పందేల్లో ఒకప్పుడు డ్రైవరు ఎంత తేలికగా ఉంటే జట్టుకు అంత లాభం. పొడుగాటి డ్రైవర్లు బరువు తగ్గడానికి కడుపు మాడ్చుకోవలసి వచ్చేది. 2019లో డ్రైవరూ సీటూ కలిసి కనీసం 80 కిలోలు ఉండాలని నియమం పెట్టారు. బరువు తక్కువైతే సీటు దగ్గర దిమ్మలు పెట్టి సరిచేస్తారు. బక్కవాడికీ పొడుగువాడికీ జట్టులో చోటు దొరికే అవకాశం సమానమైంది.

తెలుగునేల మీద కూడా ఒక ప్రపంచస్థాయి పందెం జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ ఒడ్డున, 22 విద్యుత్ కార్లు పరుగుతీశాయి. దాని పేరు ఫార్ములా ఈ. ఒక చుట్టు సుమారు 2.83 కిలోమీటర్లు, మలుపులు 18. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మూడో స్థానంలో గీత దాటిన సెబాస్టియన్ బుయెమి అనుమతికి మించి విద్యుచ్ఛక్తి వాడినట్లు తేలింది. శిక్షగా అతని కాలానికి కొన్ని సెకన్లు కలిపారు. మూడో స్థానం వేరొకరికి పోయింది.

ఇవన్నీ న్యాయం కోసం పెట్టిన నియమాలు. ప్రాణం కోసం పెట్టినవి ఇంకొన్ని ఉన్నాయి. వాటిని అర్థం చేసుకోవడానికి మీ భౌతికశాస్త్ర పుస్తకం చాలు.

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఇద్దరు స్నేహితులను దుప్పటి రెండు అంచులు వదులుగా పట్టుకొమ్మనండి. కింది అంచును పైకి మడిచి ఉంచాలి. దూరం నుంచి ఒక కోడిగుడ్డును దుప్పటి మీదికి గట్టిగా విసరండి. గుడ్డు పగలదు! అంతే వేగంతో గోడకు విసిరితే ఏమవుతుందో మీకు తెలుసు. గుడ్డు అదే, వేగమూ అదే. దుప్పటి కొంచెం వెనక్కి పోతూ గుడ్డును ఆపింది. గోడ కదలలేదు. తేడా అంతా ఆగిన దూరంలోనే ఉంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొనడం 5 మీటర్ల ఎత్తు నుంచి పడటంతో సమానం. అంటే మిద్దె పిట్టగోడ కంటే ఎత్తు. వేగం రెట్టింపై 72 అయితే ఎత్తు నాలుగు రెట్లయి 20 మీటర్లవుతుంది. అది ఆరంతస్తుల మేడ! ఈ ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే, ఆగేటప్పుడు మన మీద పడే సగటు బలం మన బరువుకు ఎన్ని రెట్లో వస్తుంది. 20 మీటర్లను 10 సెంటీమీటర్లతో భాగిస్తే 200 రెట్లు. 1 మీటరుతో భాగిస్తే 20 రెట్లే. 50 కిలోల మనిషి మీద మొదటి సందర్భంలో 10 టన్నులు, రెండో సందర్భంలో 1 టన్ను పడినట్లు.

అందుకే పందెం కారు ముందుభాగం కావాలనే నలిగేటట్లు చేస్తారు. డ్రైవరు కూర్చునే గూడు మాత్రం నలగకుండా కార్బన్ నారతో గట్టిగా కడతారు. 1994లో ఇటలీలోని ఇమోలాలో వరుసగా రెండు రోజుల్లో రోలాండ్ రాట్జెన్‌బర్గర్, అయర్టన్ సెన్నా మరణించారు. ఆ తర్వాత నియమాలు ఎంతో కఠినమయ్యాయి. ఢీకొన్నప్పుడు పట్టీలు ఒంటిని ఆపుతాయి, కానీ జడత్వం వల్ల తల ముందుకు పోతుంది. మెడను కాపాడే సాధనాన్ని 2003లో తప్పనిసరి చేశారు. 2018లో 'హాలో' వచ్చింది. ఇది డ్రైవరు తల చుట్టూ ఉండే టైటానియం చట్రం.

హాలో వద్దన్నవారిలో రోమైన్ గ్రోజాన్ ఒకడు. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో అతని కారు గంటకు 192 కిలోమీటర్ల వేగంతో ఇనుప కంచెలోకి దూసుకుపోయింది. కారు రెండు ముక్కలై మంటలు లేచాయి. కంచె రేకులు తలకు తగలకుండా హాలో అడ్డుకుంది. అర నిమిషంలోపే అతడు నడిచి బయటికి వచ్చాడు. చేతులు కాలడంతో మిగిలిన రెండు పందేల్లో అతని చోట పీట్రో ఫిట్టిపాల్డి కారు నడిపాడు. తనను బతికించింది హాలోయేనని గ్రోజాన్ ఆ తర్వాత ఒప్పుకున్నాడు.

ఇక మన దారికి వద్దాం. కొన్నేళ్ళ కిందట మా బడి పిల్లవాడొకడు మామ మోటారు సైకిలు వెనుక కూర్చుని వస్తూ జమ్మలమడుగు దారిలో పడ్డాడు. పెద్ద వేగమేమీ కాదు. మామకు హెల్మెట్ ఉంది, వాడికి లేదు. మామ మర్నాడే లేచి తిరిగాడు. పిల్లవాడు ఆ ఏడు పరీక్షలు రాయలేకపోయాడు. తరగతిలో ఖాళీగా ఉన్న వాడి చోటు చూస్తూ ఈ లెక్కనే బల్ల మీద చేసి చూపించాను.

తల 1.5 మీటర్ల ఎత్తు నుంచి రోడ్డు మీద పడి 3 మిల్లీమీటర్లలో ఆగిందనుకోండి. 500 రెట్లు! హెల్మెట్ లోపలి థర్మోకోల్ వంటి పొర 2.5 సెంటీమీటర్లు నలిగితే 60 రెట్లే. ఆ పొరే మన దుప్పటి. ఒకసారి దెబ్బతిన్న హెల్మెట్ మళ్ళీ పనికిరాదు. గడ్డం కింద పట్టీ బిగించకపోతే అది ముందే ఎగిరిపోతుంది. నాలుగేళ్ళు దాటిన ప్రతివారూ, వెనుక కూర్చున్నా సరే, హెల్మెట్ పెట్టుకోవాలని చట్టం చెబుతోంది.

ఈ సాయంత్రం మీ ఇంట్లో హెల్మెట్లు ఎన్ని ఉన్నాయో, బండి మీద ఎందరు వెళుతున్నారో లెక్కపెట్టండి. రెండు అంకెలూ సమానం కాకపోతే, మీ నాయనకు ఈ లెక్క చేసి చూపించండి.